మాడు మీద చెయ్యి

నెలల బిడ్డ తలకు నూనె రాస్తున్న అమ్మమ్మను గమనించండి. చెవుల వెనక, మెడ మీద గట్టిగానే రుద్దుతుంది. నడినెత్తి దగ్గరికి రాగానే వేళ్లు తేలికైపోతాయి. అక్కడ ఎముకలు ఇంకా కలుసుకోలేదు. మెత్తగా ఉంటుంది, చెయ్యి ఆనిస్తే లోపల నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. మాడు అంటాం. కాస్త ఆముదం అద్ది, "మాడు పూడేదాకా భద్రమమ్మా" అని కూతురికి చెప్పని తల్లి మన దగ్గర ఉండదు. మాడు లోపలికి పోతే బిడ్డ ఒంట్లో నీరు తగ్గిందని, ఉబ్బితే తలలో ఏదో ఒత్తిడి పెడుతోందని డాక్టర్లు కూడా చెబుతారు. చాలామంది పిల్లలకు ఏడాదిన్నర వయసుకు అది పూడిపోతుంది.

1960 డిసెంబరు 5న థియో అనే పసివాడికి నాలుగు నెలలు నిండి వారం కూడా కాలేదు. మాడు పూడని వయసు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ. మూడేళ్ల అక్క టెస్సాను నర్సరీ బడి నుంచి ఇంటికి తీసుకొస్తూ, తోపుడు బండిలో తమ్ముణ్ణి పడుకోబెట్టుకుని ఆయా మాడిసన్ అవెన్యూ, 85వ వీధి కలిసే చోట రోడ్డు దాటుతోంది. ఒక టాక్సీ వచ్చి బండిని గుద్దింది. బండి ఎగిరి పక్కనున్న బస్సుకు కొట్టుకుంది. పసివాడి పుర్రె ఒకచోట కాదు, చాలాచోట్ల చిట్లింది.

ఆ పిల్లాడి తండ్రి రచయిత రోల్డ్ డాల్. మన పిల్లలు ఇష్టంగా చదివే 'చార్లీ అండ్ ది చాకొలెట్ ఫ్యాక్టరీ' అప్పటికింకా అచ్చు కాలేదు. తల్లి పాట్రీషియా నీల్ పేరున్న సినిమా నటి. 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్'లో చేస్తున్న రోజులు. డబ్బూ పలుకుబడీ ఉన్న ఇల్లే. అయినా ఆ మధ్యాహ్నం నుంచి వాళ్లు పడిన పాట్లు చదువుతుంటే, హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి వరండాలోనైనా దుప్పటి పరుచుకుని పడుకున్న దంపతులే గుర్తొస్తారు. ఈ దెబ్బ ఏ ఇంట్లో పడినా, ఆ ఇంటి దినచర్య ఒకే రకంగా మారుతుంది.

తలలో నీరు

థియో బతికాడు. గండం గడిచిందనుకున్నారు. అప్పుడు తల పెరగడం మొదలైంది.

మెదడు చుట్టూ, దాని లోపలి గదుల్లో, తేటగా నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అరలీటరు ఊరుతుంది, ఊరినదంతా మళ్లీ రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలి లోపల రక్తం కారితే, ఆ రక్తపు తుక్కు ద్రవం వెళ్లే దారులను పూడ్చేస్తుంది. ఊట ఆగదు, పారుదల ఉండదు. చెరువుకు తూము మూసుకుపోయినట్టు నీరు పెరిగి మెదడును పుర్రెకు అదిమేస్తుంది. తలలో నీరు చేరడమని మనం అనేది, వైద్యులు హైడ్రోసెఫాలస్ అనేది ఇదే.

దీనికి అప్పటికే ఒక ఉపాయం ఉంది. మెదడు గదిలోంచి సన్నని గొట్టం వేసి, చర్మం కిందుగా మెడలోని రక్తనాళంలోకి, అక్కణ్ణుంచి గుండె దాకా పంపడం. షంట్ అంటారు. ఇప్పుడైతే ఎక్కువగా కడుపులోకి వదులుతున్నారు. గొట్టంలో ఒక వాల్వు ఉండాలి. నీరు కిందికి పోవాలి, నెత్తురు పైకి రాకూడదు. ఆ వాల్వును పనికొచ్చేలా చేసినవాడు కూడా ఒక తండ్రే. జాన్ హోల్టర్ అనే అమెరికన్, యంత్రాల పనివాడు. తన కొడుకు ఈ జబ్బుతోనే పుడితే, ఆసుపత్రిలో వాడే పరికరం సరిగా పనిచేయడం లేదని చూసి, 1956లో తానే సిలికోన్ వాల్వు తయారుచేశాడు. ఆ కొడుకు ఎక్కువ కాలం బతకలేదు. వాల్వు మాత్రం వేల మంది పిల్లల తలల్లో పనిచేసింది. థియోకి వేసింది అదే.

అది పదేపదే మూసుకుపోయేది. మూసుకుపోయినప్పుడల్లా పసివాడికి నొప్పి, చూపు పోవడం, మళ్లీ ఆసుపత్రి, మళ్లీ తల తెరవడం. కొత్త గొట్టం పడ్డాక చూపు తిరిగొచ్చేది. కొన్ని వారాలు హాయిగా గడిచేవి. మళ్లీ మొదలు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనిషి మెదడును మొదటిసారి సీటీ స్కానింగ్ తీసింది 1971లో, లండన్‌లో. అంటే థియో పుర్రె లోపల ఏం జరుగుతోందో అంత తేలిగ్గా చూసే సాధనం అప్పటికి లోకంలో లేదు. స్కానింగ్ చేయాల్సింది ఇంట్లోవాళ్ల కళ్లే. బిడ్డ ఈ పూట పాలు తాగాడా, కక్కాడా? నిద్ర మామూలు నిద్రేనా, మత్తా? కళ్లు కిందికి వాలిపోతున్నాయా? బొమ్మ చూపిస్తే చూపు దాని వెంట పోతోందా? ఇవాళ మన జిల్లాల్లో షంట్ వేయించుకుని ఇంటికొచ్చిన బిడ్డ తల్లికి డాక్టరు చెప్పి పంపేవీ ఈ గుర్తులే. పొద్దున లేవగానే ఆమె మొదటి పని బిడ్డ మాడు మీద చెయ్యి ఆనించడం.

డాల్‌కి తలదెబ్బ అంటే ఏమిటో తన ఒంటితో తెలుసు. 1940లో యుద్ధ విమానం నడుపుతూ లిబియా ఎడారిలో కూలిపోయాడు. పుర్రె చిట్లింది, కొన్ని వారాలు చూపు లేకుండా గడిపాడు. కొడుకు చూపు పోయి వస్తుంటే, ఆ చీకటి ఎలా ఉంటుందో ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

బొమ్మ విమానాల మనిషి

1961లో కుటుంబం న్యూయార్క్ వదిలి ఇంగ్లండ్‌లోని గ్రేట్ మిసెండన్ అనే పల్లెకు తిరిగొచ్చింది. వైద్యం లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో. అక్కడి మెదడు శస్త్రవైద్యుడు కెనెత్ టిల్ అసలు లోపం పట్టుకున్నాడు. హోల్టర్ వాల్వులో నీరు సన్నని చీలికల గుండా పోతుంది. లోపల రక్తస్రావమైన పిల్లల్లో ద్రవంతో పాటు తుక్కు కూడా వస్తుంది, అది చీలికలకు అడ్డం పడుతుంది. పుట్టుకతో నీరు చేరిన పిల్లలకన్నా దెబ్బ తగిలిన పిల్లల్లో అది ఎక్కువగా మొరాయించడానికి కారణం ఇదీ.

డాల్‌కి బొమ్మ విమానాలు ఎగరేసే సరదా ఉంది. ఆ సరదాలో పరిచయమైన స్టాన్లీ వేడ్ అనే ఇంజనీరు, బొమ్మ విమానాల ఇంజన్లకు ఇంధనం అందించే బుల్లి పంపులు చేయడంలో దిట్ట. గోరంత గొట్టంలో చుక్క చుక్కగా ద్రవాన్ని ఒకే దిక్కుకు నడపడం అతని రోజువారీ పని. డాల్ అతన్ని తీసుకెళ్లి టిల్‌తో కలిపాడు. ఒకరికి మెదడు తెలుసు, ఇంకొకరికి పంపు తెలుసు. నడుమ తండ్రి, అటు సమస్య ఇటూ, ఇటు ఉపాయం అటూ మోశాడు.

వాళ్లు చేసిన వాల్వులో చీలికలు లేవు. చిన్న సిలికోన్ గొట్టం, దాని రెండు కొసల్లో ఒక్కో లోహపు గూడు, గూటిలో కదిలే పలుచని లోహపు బిళ్ల. లోపలి ఒత్తిడికి బిళ్ల తెరుచుకుంటుంది, వెనకనుంచి ఒత్తితే మూసుకుంటుంది. తుక్కు పట్టే సందు తక్కువ. మరిగించి శుభ్రం చేయడం తేలిక. 1962లో తొలిసారి ఒక బిడ్డకు అమర్చారు. 1964లో టిల్ దీని గురించి 'లాన్సెట్' వైద్య పత్రికలో రాశాడు. వేడ్-డాల్-టిల్ వాల్వు అని పేరు. దీని మీద పైసా లాభం తీసుకోకూడదని ముగ్గురూ అనుకున్నారు, ఆ మాటే నిలబెట్టుకున్నారు. రెండు మూడు వేల మంది పిల్లలకు అది ఉపయోగపడింది.

థియోకి కాదు. వాల్వు సిద్ధమయ్యేసరికి వాడి తలలో నీరు తనంతట తాను సర్దుకుంది, షంట్ అవసరం తీరిపోయింది. కొడుకు కోసం మొదలుపెట్టిన పని కొడుక్కి అక్కర్లేకపోయినా ఆ తండ్రి మధ్యలో వదిలేయలేదు. ఈ కథలో నన్ను పట్టి ఆపేది ఈ చోటే. ఆసుపత్రి వరండాల్లో అన్ని నెలలు తిరిగినవాడికి, పక్క మంచం మీది పిల్లాడు కూడా తెలిసినవాడే అయిపోతాడు.

ఈ దారిలో మన దేశం వాళ్లూ నడిచారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రవైద్యుడు ఉపాధ్యాయ పేరు మీద ఒక షంట్ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను, పేరున్న అమెరికన్ షంట్‌ను ఉగాండా పిల్లల్లో పోల్చి చూసిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ధర మాత్రం అప్పట్లో మనది సుమారు 35 డాలర్లు, వాళ్లది 650. పేదింటి బిడ్డ తలలో నీరు దిగడానికి ఆ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాలా!

ఒలీవియా

థియో కోలుకుంటున్నాడు. 1962 నవంబరులో పెద్ద పాప ఒలీవియా చదివే బడిలో తట్టు మొదలైంది. ఇంగ్లండ్‌లో అప్పటికి తట్టు టీకా లేదు. రోగం తీవ్రం కాకుండా ఆపగల గామా గ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది గానీ, దొరకడం కష్టం. వైద్యరంగంలో పెద్ద స్థానంలో ఉన్న బంధువు ద్వారా ఒక్కరికి సరిపడా మాత్రమే వచ్చింది. తల దెబ్బతిన్న పిల్లాడు, తట్టు వస్తే తట్టుకోలేడని థియోకి వేశారు. ఏ ఇంట్లోనైనా అలాగే చేస్తారు.

ఒలీవియాకు తట్టు మెదడుకెక్కింది. నవంబరు 17న చనిపోయింది. ఏడేళ్లు.

దెబ్బతిన్న బిడ్డ ఉన్న ఇంట్లో చూపులన్నీ ఆ బిడ్డ మీదే ఉంటాయి. బాగున్న పిల్లలు తమంతట తామే పెరుగుతారనుకుంటాం. ఒలీవియా చావుకు ఎవరినీ తప్పుపట్టలేం, కానీ ఆ తల్లిదండ్రులు తమను తాము ఎంతగా తప్పుపట్టుకుని ఉంటారో ఊహించగలం. 1986లో, అంటే 24 ఏళ్ల తర్వాత, పిల్లలకు తట్టు టీకా వేయించమని వేడుకుంటూ డాల్ తన కూతురి చివరి రోజుల గురించి రాశాడు. తట్టు సోకిన వెయ్యి మందిలో దాదాపు ఒకరికి అది మెదడుకెక్కుతుంది. మన అంగన్‌వాడీల్లో తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో మరోసారి ఉచితంగా వేసే ఎంఆర్ టీకా ఆపేది దాన్నే. కాస్త జ్వరం వస్తుందని రెండో డోసు ఎగ్గొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చెయ్యి పట్టుకుని ఒలీవియా గురించి చెప్పాలనిపిస్తుంది.

గండం గడిచాక

మన ఇళ్లకొద్దాం. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకున్న పిల్లాడు, మేడ పిట్టగోడ మీద గాలిపటం ఎగరేసే పిల్లాడు, బడి ఆటోలో అంచున వేలాడే పిల్లాడు. మన దగ్గర పిల్లల తలలు పగిలేది ఇలాంటి చోట్లే. నాలుగేళ్లు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్ తప్పనిసరి అని 2019 చట్టం చెబుతోంది. నాలుగేళ్లలోపు వాళ్లకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఎంతమంది పాటిస్తున్నారో రేపు పొద్దున బడి గేటు దగ్గర నిలబడి చూడండి.

దెబ్బ తగిలాక ఆపరేషన్ దాకా జరిగేది ఒక పరుగు. అప్పు పుడుతుంది, బంధువులొస్తారు, ఆరోగ్యశ్రీ కార్డు పనికొస్తుంది. ఐసీయూ బయట పదిమంది ఉంటారు. "గండం గడిచింది" అని డాక్టరు చెప్పిన రోజున కొబ్బరికాయలు కొడతారు. ఇంటికొచ్చాక ఆ పదిమందీ ఉండరు. గుండు గీసిన తల, కుట్లు, ముక్కులో గొట్టంతో మంచం మీద బిడ్డ, పక్కన తల్లి మిగులుతారు.

రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించాలి, లేకపోతే ఒళ్లు పుండు పడుతుంది. ఫిట్స్ మందు గడియారం చూసి వేయాలి, ఒక్క పూట తప్పినా ప్రమాదం. బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి సాగదీయాలి. మింగడం మళ్లీ నేర్పాలి. కూర్చోబెట్టాలి. అన్నం, అమ్మ, అత్త అన్న మాటలు మళ్లీ మొదటి నుంచి చెప్పించాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం "ఏమ్మా, నిన్ను గుర్తుపడుతున్నాడా?" అని వాడి ముందే అడుగుతారు. ఆ ప్రశ్నకు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోని తల్లి ఉండదు. ఉద్యోగమో కూలో మానేసేది ఎక్కువగా ఆమే. చెల్లినో తమ్ముణ్ణో పిన్ని ఇంటికి పంపేస్తారు, అక్కడ ఆ పిల్ల ఎందుకు పంపారో తెలియక మౌనంగా పెరుగుతుంది.

లేచి నడిచాక కూడా అయిపోదు. నుదుటి వెనక మెదడు దెబ్బతిన్న పిల్లాడికి కోపం ఆగదు, పని మొదలుపెడితే పూర్తి చేయలేడు, ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మరిచిపోతాడు. పైకి గాయం కనిపించదు కనక బడిలో అల్లరివాడనో మొద్దనో పేరు పడుతుంది. పిల్లల మెదడు లేతది, దానంతటది అల్లుకుపోతుందని ఓదార్చేవాళ్లున్నారు. సగమే నిజం. కొన్ని నష్టాలు దెబ్బ తగిలిన ఏడాది తెలియవు. మూడేళ్లప్పుడు దెబ్బ తిన్న బిడ్డకు తొమ్మిదేళ్లొచ్చి, పెద్ద లెక్కలూ పొడుగు పాఠాలూ మొదలయ్యాక లోటు బయటపడుతుంది. అప్పటికి ఆ పాత దెబ్బను ఎవరూ తలుచుకోరు. అందుకే డిశ్చార్జి కాగితాన్ని దాచిపెట్టి, ఏటా కొత్త టీచరుకు చూపించడం ఒక తల్లి చేయగల గొప్ప పనుల్లో ఒకటి.

సర్కారు సాయం బొత్తిగా లేదని అనను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే కేంద్రాలు పెట్టారు. ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, వినికిడి, చూపు పరీక్షలు ఉచితంగా ఒక్కచోట అందించడం వాటి పని. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ పిల్లలకు బడిలో చోటు, పరీక్షల్లో వెసులుబాటు అడిగే హక్కు ఇచ్చింది. అయితే వారానికి మూడు రోజులు బిడ్డను చంకనేసుకుని నలభై కిలోమీటర్లు బస్సులో వెళ్లి, అరగంట ఫిజియో చేయించుకుని రావడమంటే ఆ ఇంటి కూలి మూడు రోజులు పోయినట్టే. ఆపరేషన్‌కు లక్షలిచ్చే ప్రభుత్వం ఆ బస్సు చార్జీ, ఆ కూలి కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకోవాలి. వీలైతే ఫిజియో మనిషినే ఊరికి పంపాలి. అది జరగనంత కాలం ఐసీయూలో కాపాడిన బిడ్డ మంచం మీద బిగుసుకుపోతూనే ఉంటాడు.

ఊరు వంతులు వేసుకుంది

డాల్ ఇంటి కథ ఇంకా మిగిలే ఉంది. 1965 ఫిబ్రవరి 17న లాస్ ఏంజెలెస్‌లో పాట్రీషియా మెదడులో రక్తనాళాలు చిట్లాయి. అప్పుడామె గర్భిణి. ఏడు గంటల ఆపరేషన్. మూడు వారాలు కోమా. కళ్లు తెరిచేసరికి కుడివైపు పడిపోయింది, మాట లేదు. అంతకు ముందు ఏడాదే 'హడ్' సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ గెలుచుకున్న మనిషి, చెంచాను ఏమంటారో చెప్పలేకపోయింది. ఆగస్టులో పాప లూసీ ఆరోగ్యంగా పుట్టింది.

కొడుకు విషయంలో నేర్చుకున్నదంతా డాల్ ఇప్పుడు భార్య కోసం బయటికి తీశాడు. ఇంట్లోవాళ్ల వల్లే అయ్యే పని కాదని ముందే గ్రహించి, ఇరుగుపొరుగును పిలిచాడు. గ్రేట్ మిసెండన్‌లో వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు వచ్చి చదివించేవారు, ఒకరు పదాలు అడిగేవారు, ఒకరు లెక్కలు చేయించేవారు. రోజుకు గంటల కొద్దీ. వైద్యం చదువుకున్నవాళ్లు కారు. డాల్ మరీ కఠినంగా నడిపిస్తున్నాడని, ఆమెను అలసట తీర్చుకోనివ్వడం లేదని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. రోగిని ఎంతవరకు తోయాలి, ఎక్కడ ఆపాలి అన్నది బయటినుంచి చూసేవాళ్లు తేల్చగలిగింది కాదు. ఆ వంతుల్లో వచ్చిన వలెరీ ఈటన్ గ్రిఫిత్ అనే పొరుగామె, తాము ఏం చేశారో 1970లో పుస్తకంగా రాసింది. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడించే స్వచ్ఛంద పద్ధతి బ్రిటన్‌లో అలా మొదలైంది.

దీనికి మన ఊళ్లలో కొత్త ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పొలం పనుల్లో బదులు సాయం తెలిసిన ఊళ్లు మనవి. పక్కింటి డిగ్రీ పిల్ల సాయంత్రం గంటసేపు వచ్చి బొమ్మల పుస్తకం పెట్టుకుని "ఇదేంట్రా బుజ్జీ?" అని అడిగితే, ఆ గంట తల్లి స్నానం చేసి నడుం వాలుస్తుంది. ఎదురింటి తాతయ్య పొద్దున చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపిస్తే చాలు. పండ్ల సంచి పట్టుకుని పరామర్శకు వెళ్లేవాళ్లు, ఈసారి ఏ పూట ఎవరొస్తారో ఒక కాగితం మీద రాసి ఆ ఇంటి గోడకు అంటించి రండి.

1967 మార్చిలో పాట్రీషియా న్యూయార్క్ వెళ్లింది. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో, మెదడు దెబ్బతిన్న పిల్లల సహాయార్థం జరిగిన విందులో మాట్లాడటానికి. మాట పోయి రెండేళ్లయింది. పదాలు చేతికి దొరికినట్టే దొరికి జారిపోతున్న రోజులు. ఆ ప్రసంగాన్ని ముందే పదేపదే వల్లె వేసుకుంది. తోపుడు బండిని టాక్సీ గుద్దిన నగరంలో, వందల మంది ముందు కాలు సరిగా నిలవని ఆ తల్లి లేచి నిలబడి, మొత్తం చెప్పగలిగింది. అప్పటికి థియోకి ఆరున్నరేళ్లు.